40 మెగాహెర్ట్జ్ 386తో పదేళ్లు

తిరుపతిలో జాబ్ టైపింగ్, డీటీపీ కొట్టు నడుపుతూ 1989 నుంచి నేను వాడిన మూడు సిస్టంలూ మద్రాసు రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న అసెంబుల్డ్ యంత్రాలే. వాటిలో ఈనాటికీ నేను మెచ్చుకునేది 386 అనే ప్రాసెసర్ చిప్‌తో నడిచిన రెండోది.

మొదటిది 8088 చిప్‌తో నడిచే ఎక్స్‌టీ క్లోన్, అంటే ఐబీఎం ఎక్స్‌టీ పీసీకి నకలు. ఐబీఎం 1981లో తన పీసీలో ఈ చిప్‌ను 4.77 మెగాహెర్ట్జ్ వద్దనే నడపగా, నా తైవాన్ బోర్డు టర్బో బటన్ నొక్కితే 10కి వెళ్లేది. లోపల 16 బిట్ల లెక్క చేసినా బయటికి 8 బిట్ల దారే ఉన్న ఆ చిప్ మీద, ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థుల థీసిస్‌లను వర్డ్‌స్టార్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో కొట్టడానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఆలస్యమంతా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌దే. చిత్తూరు బెల్లం మండీ వ్యాపారి ఒకరి ఖాతాలను లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాకే దాని బలహీనత బయటపడింది. ఒక్క అంకె మారిస్తే, మొత్తం తిరిగి లెక్క తేలేలోపు నేను టీ తాగి వచ్చేవాణ్ణి.

1992లో ఇంటెల్ 386ఎస్ఎక్స్ కొనబోయి ఆగాను. పేరుకు 386 అయినా దానికి బయటి దారి 16 బిట్లే. ఏఎండీ 1991లో విడుదల చేసిన 386డీఎక్స్-40కి లోపలా బయటా 32 బిట్లు. ఇంటెల్ సొంత 386 అయితే 33 మెగాహెర్ట్జ్ దాటలేదు. ఏఎండీదే తెచ్చాను. బెల్లం ఖాతా ఎంటర్ నొక్కి చెయ్యి తీసేలోపు తేలిపోయింది. పక్కనే, లెక్కలకు తోడు చిప్ అయిన 387 కోసం ఉన్న సాకెట్ మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది.

క్యాబినెట్ మీద ఎర్రగా వెలిగే అంకె వేగాన్ని కొలిచి చూపేది కాదని, వెనక జంపర్లు (పిన్నులను కలిపే చిన్న బిళ్లలు) ఎలా పెడితే అలా కనబడుతుందని తెలిశాక, సరదాకు ఒకసారి 99 పెట్టాను. ఆ వారమంతా కొట్టుకొచ్చినవాళ్లు నన్ను కాస్త మర్యాదగానే చూశారు.

1995లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం కోసం తెచ్చిన 486డీఎక్స్2-66 అసలు నిరాశ. 386 కన్నా వేగమే, కాని 256 కేబీ క్యాష్ (ప్రాసెసర్‌కు తోడుండే వేగమైన మెమొరీ) ఉందని తెర మీద చూపుతున్నా ఆ బలం పనిలో కనబడలేదు. ఒక మెకానిక్ భూతద్దం పెట్టి చూపించాడు: క్యాష్ చిప్‌ల కాళ్లు బోర్డుకు అతికే ఉన్నాయి గాని, వాటి నుంచి ఒక్క రాగి గీత కూడా ఎటూ పోలేదు. ఉత్త ప్లాస్టిక్ బిళ్లలు. అమ్మినవాడు బోర్డు వెనక్కి తీసుకోలేదు.

386 మాత్రం బిల్లులకు 2002 దాకా పనిచేసింది. ఒకనాడు తేదీ 1980కి జారిపోతే మూత విప్పాను. తేదీని నిలిపి ఉంచే, బోర్డుకు అతికించిన బ్యాటరీ కారి, చుట్టూ ఆకుపచ్చని పొక్కు కట్టి, కీబోర్డు సాకెట్‌కు పోయే గీతలను తినేసి ఉంది.