ఓడిన కోచ్‌ని ఏమడగాలి: బాధ గురించా, నిర్ణయం గురించా, ఉద్యోగం గురించా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట ఇది) శనివారం మ్యాచ్ ఓడిన కోచ్, చెమట ఆరకముందే వచ్చి మైకుల ముందు కూర్చోవాలి. విలేకరులు అప్పుడు అడిగేవి ఎక్కువగా మూడు రకాలు: ఎలా అనిపిస్తోంది, ఫలానా చోట ఎందుకలా చేశారు, మీ ఉద్యోగం ఉంటుందా. నా ఓటు రెండోదానికే. అదీ ఒక్క వాక్యంలో అడిగేసి, జవాబు వచ్చేదాకా నోరు కట్టుకుని కూర్చునే విలేకరికి.

మొదటి రకం కోచ్‌లకి మహా ఇష్టం. "నాలుగో క్వార్టర్ (మ్యాచ్‌లో ఆఖరి పావు భాగం) గురించి కాస్త చెప్పండి" అంటే అది ప్రశ్నే కాదు కదా. కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడారు, ఫలితం కలిసి రాలేదు, వీడియో చూసుకుని చెప్తాను అని నాలుగు ముక్కలు పలికి కోచ్ లేచి వెళ్లిపోతాడు. ఓడిన క్రికెట్ కెప్టెన్ల ఇంటర్వ్యూలు వినే మనకి ఇదేం కొత్త కాదు. ఆటగాడికి పెద్ద దెబ్బ తగిలినప్పుడో, చివరి ఏడాది కుర్రాడు ఆఖరి మ్యాచ్ ఆడేసినప్పుడో మాత్రం మనసులో మాట అడగాల్సిందే.

రెండో రకం ఎందుకు మేలో చెప్పడానికి 2023 అక్టోబర్ 7న మయామీ, జార్జియా టెక్ యూనివర్సిటీల మ్యాచ్ చాలు. మయామీ 20-17తో ముందుంది, బంతి వాళ్ల దగ్గరే ఉంది, గడియారంలో మిగిలింది అర నిమిషం పైచిలుకు, గడియారం ఆపించడానికి అవతలివాళ్ల దగ్గర టైమవుట్లు లేవు. జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని మోకాలు నేలకి ఆనిస్తే సమయం దానంతటదే అయిపోతుంది, మ్యాచ్ చేతిలో ఉన్నట్టే. మయామీ కోచ్ మారియో క్రిస్టోబాల్ బృందం అది చేయకుండా బంతి తీసుకుని పరిగెత్తించింది, బంతి జారింది, జార్జియా టెక్ దాన్ని పట్టుకుని ఇంకో సెకను మిగిలి ఉండగా 44 గజాల టచ్‌డౌన్‌తో (బంతిని అవతలి గీత దాటించి) 23-20 చేసి గెలిచింది. అలాంటి రాత్రి "ఎంత నిరాశగా ఉంది" అని అడిగితే ఏం వస్తుంది? మోకాలు ఎందుకు ఆనించలేదు అన్నదే ప్రశ్న. దానికి ఆయన కూడా, ఆనించమని నేను చెప్పి ఉండాల్సింది అని ఒప్పుకోక తప్పలేదు.

అయితే సగం మంది విలేకరులు ఆ ఒప్పుకోలు దొరకగానే హెడ్‌లైన్ రాసుకుని ఆగిపోతారు. నాకు నచ్చనిది అదే. 2018లో ఇదే కోచ్ ఓరెగాన్‌లో ఉన్నప్పుడు, స్టాన్‌ఫర్డ్ మీద ముందంజలో ఉండి, చివరి నిమిషంలో పరుగుకే పోయి, బంతి జారవిడిచి, ఓవర్‌టైమ్‌లో ఓడారు. అది చదివి వచ్చిన విలేకరికి, ఇలాంటి క్షణంలో నిర్ణయం ఎవరు తీసుకుంటారు, అప్పటినుంచి ఆ పద్ధతి ఏమైనా మార్చారా అని తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. ఈఎస్‌పీఎన్‌లో ఇంటర్వ్యూలు ఎలా చేయాలో నేర్పిన కెనడా జర్నలిస్టు జాన్ సవాట్‌స్కీ చెప్పేదీ దాదాపు ఇదే: ఏమిటి, ఎలా, ఎందుకు అని మొదలుపెట్టి చిన్నగా అడగండి, ఒకే ఊపులో రెండు ప్రశ్నలు కలపకండి, ప్రశ్నలో మీ అభిప్రాయం దూర్చకండి.

ఇక ఉద్యోగం సంగతి. 2024 నవంబర్ 30న ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. ఆ ప్రత్యర్థి మీద వరసగా నాలుగో ఓటమి కావడంతో కోచ్ రయన్ డేని పీకేయాలని అభిమానులు గోల పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, 2025 జనవరి 20న, అదే కోచ్ నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. కోచ్‌ని ఉంచాలా తీసేయాలా అన్నది యూనివర్సిటీ ఆటల విభాగం పెద్ద, అంటే అథ్లెటిక్ డైరెక్టర్, తేల్చేది, కాబట్టి ఆ ప్రశ్న వెళ్లి ఆయన్ని అడగాలి. ఆ రాత్రి డేకి వేయాల్సిన ప్రశ్న వేరే ఉంది: విసిరిన బంతిని అందుకునే అంత మంచి రిసీవర్లు ఉండగా, బంతితో 26 సార్లు పరిగెత్తినా 77 గజాలే వస్తుంటే, మళ్లీ మళ్లీ మధ్యలోకే ఎందుకు పరిగెత్తారు?

ఇవన్నీ సోమవారం ప్రెస్‌మీట్ దాకా ఆగి అడగొచ్చు కదా, కోచ్ మనసు కుదుటపడుతుంది అనేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నాకు పూర్తిగా ఎక్కదు. 2007లో అలబామా, లూసియానా-మన్రో అనే చిన్న జట్టు చేతిలో 21-14తో ఓడాక, అలబామా కోచ్ నిక్ సేబన్ రెండు రోజులు ఆలోచించుకుని సోమవారం వచ్చి మాట్లాడుతూ ఆ ఓటమికి పోలికగా 9/11ని, పెర్ల్ హార్బర్‌ని తీసుకొచ్చాడు. రెండు రోజులు దొరికితే కోచ్ ఉపన్యాసం తయారు చేసుకుని వస్తాడు. శనివారం రాత్రి అయితే ఆట ఇంకా కళ్లముందే ఉంటుంది, తప్పించుకోవడం కష్టం. వీడియో చూస్తే గానీ తెలియనివి, అంటే ఎవరు ఎవరిని అడ్డుకోలేదు, ఆటగాళ్లని నిలబెట్టిన ఏ ఫార్మేషన్ పనిచేయలేదు లాంటివి సోమవారానికి వదిలేయొచ్చు. బంతి వదిలేసిన కుర్రాడి పేరెత్తి, తప్పు అతనిదేనా అని కోచ్‌ని గుచ్చడం మాత్రం ఏ రోజూ వద్దు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కాలేజీ పిల్లలు వాళ్లు, ఆ పరుగు తీయమన్నది కోచింగ్ బృందమే.