పిలకాయల రిస్క్ స్కోరు ఫారం (వైఎల్ఎస్ సీఎంఐ): 5కి 2 స్టార్లు

కావలి చుట్టుపక్కల కేసుల్లో ఇరుక్కున్న పిలకాయలకి కౌన్సెలింగ్ చేసేవాళ్ళం మేము, ఈ ఫారం (పూర్తి పేరు యూత్ లెవెల్ ఆఫ్ సర్వీస్/కేస్ మేనేజ్‌మెంట్ ఇన్వెంటరీ) గురించి అడిగేవాళ్ళు ఎక్కువైనారని రాస్తుండా. కెనడాలో తయారైంది, 12 నుంచి 18 ఏళ్ళ పిలకాయలు మళ్ళీ నేరం చేసే అవకాశం ఎంత అని అంచనా వేసేదానికి. 8 భాగాలు, 42 అంశాలు, టిక్కులు కూడితే స్కోరు.

మంచి కూడా ఉండాది, పిల్లోడి బలాలు రాసే చోటుంది, స్కోరు సరికాదనిపిస్తే ఫారం నింపే ఆఫీసరు కారణం రాసి రిస్క్ లెవెల్ మార్చొచ్చు. "వీడు బాగుపడడు" అని ఒక్క ముక్కలో తేల్చేసే రిపోర్టు కన్నా నయమే.

కానీ అంశాలు చూడండి. ఖాళీ టైంలో ఏదైనా క్లబ్బు, ఆటల టీం లాంటివాటిల్లో ఉన్నాడా అంట, రొయ్యల గుంటల కాడ కూలికి పోయే యానాది పిల్లోడికి క్లబ్బులు, టీంలు యాడినుంచి వస్తాయి, లేడని టిక్ పడిపోతాది. స్నేహితుల్లో నేరాలు చేసినోళ్ళు ఉండారా అంట, దొంగతనం అనంగానే పోలీసోళ్ళు ముందు ఏ కాలనీకి పోతారో ఆ కాలనీ పిలకాయలందరికీ ఇదీ టిక్కే. అమెరికాలో 2021లో నల్లజాతి పిల్లల్ని నిర్బంధంలో పెట్టే రేటు తెల్లపిల్లల కన్నా నాలుగు రెట్ల పైనే. స్కోరు వేసే అంశాల్లో జాతి లేదు, అయినా ఫారం పాత కేసుల్ని లెక్కేసినప్పుడు ఆ తేడా స్కోరులోకి వచ్చేస్తాది.

ఆడపిల్లలకి ఇంకా అన్యాయం. కొడతారనో, చిన్నప్పుడే పెళ్ళి చేస్తారనో ఇల్లొదిలి పోయిన పిల్లకి అమ్మానాన్నతో సంబంధం బాలేదని ఒక టిక్, బడి మానిందని ఇంకోటి. హింసకి గురైందా అని వేరే పేజీలో అడుగుతారు, ఆ జవాబు స్కోరుని మాత్రం తగ్గించదు. సాయం కావాల్సిన పిల్లని ప్రమాదకరం అని రాసినట్టే కదా!

మా కావలిలోనే బ్రిటిషోళ్ళ కాలంలో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ కింద ఎరుకల సెటిల్‌మెంట్ నడిచింది, పుట్టుకని బట్టి నేరస్తులని రాసుకున్నారు, ఆ చట్టం దేశమంతటా 1952కి పోయింది. ఆ ఊళ్ళో ఉండి ఈ ఫారం చూస్తే కడుపు మండుతాది నాకు.

మన 2015 జేజే (జువెనైల్ జస్టిస్) చట్టం సెక్షన్ 15లో, 16 నిండిన పిలకాయల మీద ఘోరమైన నేరం కేసైతే, పెద్దోళ్ళ మాదిరి విచారించాలా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందస్తు అంచనా వేస్తాది, ఆడ స్కోరు అడగరు. కాబట్టి ఈ ఫారం వాడే సంస్థలు బోర్డు ముందు అంకె పెట్టబాకండి, పిలకాయలతో మాట్లాడేదానికి వాడుకోండి, టిక్ పెట్టిన ప్రతిదాని పక్కనా ఎందుకు పెట్టినారో రాయండి.