లాడ్ బజారులో పెళ్లి గాజులు

మేనకోడలి పెళ్లి గాజులు మేనమామే కొనాలన్నది మా ఇంటి ఆనవాయితీ. రాజమహేంద్రవరంలో గాజుల కొట్లకు లోటు లేకపోయినా, లక్క గాజులు మాత్రం హైదరాబాదు పాతబస్తీలోనే తీసుకోవాలని మా అక్క పట్టుబట్టింది. అందుకని ముహూర్తానికి నెల రోజుల ముందు అక్క, మేనకోడలు, నేను గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి నాంపల్లిలో దిగాము. చార్మినారు చూడటానికి నేను ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాను గానీ, దాని పడమటి వైపున మొదలయ్యే లాడ్ బజారులోకి పని పెట్టుకుని వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ వీధికి పని మీదే వెళ్లాలని, అదీ తీరుబడిగా వెళ్లాలని ఈ ప్రయాణంలో నాకు తెలిసింది.

ముందుగా బస సంగతి చెప్పాలి. నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటే అక్కకు సుఖంగా ఉంటుందనుకుని, బజారుకు ఆనుకుని ఉన్న ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. లిఫ్టు ఉందని ముందే చెప్పినవాళ్లు, తీరా వెళ్లాక అది నాలుగు రోజులుగా పనిచేయడం లేదన్నారు. మోకాళ్ల నొప్పులతో అక్క మూడో అంతస్తు దాకా మెట్లెక్కవలసి వచ్చింది. దానికి తోడు వీధివైపు కిటికీ కావడంతో సరుకు దించే బండ్ల చప్పుడు అర్ధరాత్రి దాటేదాకా ఆగలేదు. మరునాడు పొద్దున్నే ఖాళీ చేసి నాంపల్లి స్టేషను దగ్గరి హోటలుకు మారాము. రోజుకు నాలుగు వందలు ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, సామాను విషయంలో అడిగిన సాయం చేశారు. అక్కడి నుంచి మెట్రోలో గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటితే మహాత్మాగాంధీ బస్ స్టేషను వస్తుంది. దిగి ఆటో ఎక్కితే సాలార్‌జంగ్ మ్యూజియం పక్కగా, మదీనా చౌరస్తా మీదుగా చార్మినారు దగ్గరి దాకా చేరవచ్చు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉండటం వల్ల పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఈ దారి ఎంతో మేలు. సొంత కారు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. చార్మినారు చుట్టూ వాహనాలను రానివ్వరు, కాస్త దూరంలో ఎక్కడైనా నిలుపుదామన్నా చోటు దొరకడం కష్టం.

మొదటి రోజు సాయంత్రం ఊరికే చూసి వద్దామని బయలుదేరి, పత్తర్‌గట్టీ మీదుగా నడిచాము. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, నగరాన్ని బాగుచేసే పనిలో భాగంగా కట్టిన రాతి కమానుల వరుస ఇది. కింద అంగళ్లు, వాటి ముందు నీడపట్టున నడిచే దారి ఉంటాయి. ఎండలోనైనా వానలోనైనా కొనుగోలుదారు నిలబడటానికి వీలుగా ఆలోచించి కట్టారని అక్కడ నడుస్తుంటే తెలుస్తుంది. ముత్యాల దుకాణాలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. ఒక దుకాణంలో సముద్రపు ముత్యాలు అంటూ చూపించి ధర చెప్పారు. రసీదు మీద ఆ మాట రాసిమ్మంటే మాత్రం మాట దాటవేశారు. ఇప్పుడు అంగళ్లలో కనిపించేవి చాలావరకు చైనా నుంచి వచ్చే మంచినీటి పెంపకపు ముత్యాలే. వాటిని వాటి పేరుతోనే అమ్మి, రసీదు రాసిచ్చే కొట్లు అక్కడే ఉన్నాయి కనుక, రాయనన్న చోట కొనకపోవడం మంచిది. ఆ తరువాత గుల్జార్ హౌజ్ అనే పాత నీటి ఫౌంటెన్, దాని చుట్టూ ఉన్న నాలుగు కమానులు. చార్‌కమాన్ అన్న పేరు వాటివల్లే వచ్చింది. ఇంకాస్త ముందుకు సాగితే, మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించిన చార్మినారు ఎదురవుతుంది. 25 రూపాయల టికెట్టుతో పైకి వెళ్లవచ్చు. మెట్లు ఇరుకు, ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కను కింద కూర్చోబెట్టి మేమిద్దరమే ఎక్కాము. లాడ్ బజారు ఎంత సన్నని వీధో, దానిలో ఎంతమంది కదులుతున్నారో అక్కడి నుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఆ సాయంత్రం లాడ్ బజారులో మాకు ఏమీ తేలలేదు. రెండు వైపులా దీపాల వెలుగులో రాళ్ల గాజులన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి, ఏది లక్కో ఏది కాదో కంటికి ఆనదు, వెనక నుంచి జనం నెడుతుంటారు, ప్రతి కొట్టు గుమ్మం ముందూ ఒక కుర్రవాడు నిలబడి పిలుస్తుంటాడు. నచ్చిన జత ఒకదానికి 2,400 రూపాయలు చెప్పి, మేము కదలబోతే 1,200 అన్నారు. ధర సగానికి పడినందుకు సంతోషించవలసింది పోయి, అసలు దాని విలువ ఎంతో మాకు తెలియడం లేదన్న బెంగ పట్టుకుంది.

మరునాడు పదకొండు గంటలకల్లా వెళ్లాము. కొట్లు అప్పుడప్పుడే తెరుస్తున్నారు, జనం పలుచగా ఉన్నారు, అమ్మేవారికీ చెప్పే ఓపిక ఉంది. ఒక చిన్న కొట్టులో తెల్ల దుప్పటి పరచిన పరుపు మీద కూర్చున్న పెద్దాయన మా మేనకోడలిని చూసి, "కూర్చో బేటా, చెయ్యి ఇటివ్వు, తొందరేం లేదు" అంటూ ముందు మణికట్టు కొలత చూశారు. తరువాత రెండు రకాల గాజులు మా చేతిలో పెట్టారు. మొదటి రకంలో రాళ్లను జిగురుతో అతికించారు, గోటితో గీరితే ఒక రాయి ఊడి వచ్చింది. రెండో రకంలో రాయి లక్కలో కూరుకుని ఉంది. రెండు గాజులను తాకిస్తే గలగలమనకుండా మొద్దుగా చప్పుడయ్యేది లక్క అని ఆయన చెప్పారు. లోపల లోహపు చుట్టు ఉండి పైన లక్క పెట్టిన గాజులు కూడా ఉంటాయనీ, అవి నకిలీ కావనీ, రోజూ తొడుక్కునేవారికి అవే మన్నుతాయనీ వివరించారు.

పని ఎలా చేస్తారో చూడాలని ఉందని మేనకోడలు అడిగితే, తన దగ్గర పనిచేసే కుర్రవాణ్ణి తోడిచ్చి వెనక సందులోని ఒక ఇంటికి పంపారు. ఆ ముందు గదిలో బొగ్గుల కుంపటి పక్కన ఒకాయన, గోడ వారగా ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఆయన వేడికి మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, చుట్టగా వంచి, కొసలు కలిపి, కొయ్య మీద ఎక్కించి గుండ్రంగా సరిచేస్తున్నారు. ఆమె గాజును కాస్త వేడి చూపించి, సన్నని పుల్ల కొనతో ఒక్కొక్క రాయినీ ఎత్తి లక్కలోకి నొక్కుతున్నారు. లక్క చల్లబడితే రాయి దిగదు, మరీ వేడెక్కితే గాజు వంగిపోతుంది. ఈ రెంటికీ మధ్య దొరికే కాసేపట్లోనే ఆ వేళ్లు అయిదారు రాళ్లు పెట్టేస్తున్నాయి. ఒక వరుసలో ఎనభైకి పైగా రాళ్లను మా అమ్మాయి లెక్కపెట్టింది. అలాంటివి గాజుకు మూడు వరుసలు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు చేసిన జిగురు ఈ గదిలో పెళ్లికూతురి గాజుగా మారుతున్నది. హైదరాబాదు లక్క గాజులకు, ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) 2024లో వచ్చింది. ఆ గుర్తింపు వల్ల వచ్చే లాభం ఈ కుంపటి దగ్గరికి కూడా చేరాలని మనసారా కోరుకుంటున్నాను.

తిరిగి వచ్చాక పెద్దాయన జతకు 1,600 అన్నారు, అక్క 1,400 అడిగింది, 1,500కు కుదిరింది. ముందురోజు 1,200కు ఇస్తామన్న జత కంటే ఇది ఎక్కువే. అయినా ఎందుకు ఎక్కువో కళ్లారా చూసి వచ్చాము కనుక ముగ్గురిలో ఎవరికీ కష్టం అనిపించలేదు. ఒక గాజు కాస్త బిగుతుగా ఉందంటే, వేడి చూపించి అక్కడికక్కడే సరిచేసి ఇచ్చారు. మట్టి గాజులు మాత్రం డజన్ల లెక్కన పక్క కొట్టులో తీసుకున్నాము. వాటి ధరలో మా ఊరికీ ఇక్కడికీ పెద్ద తేడా లేదు.

తిండికి ఆ చుట్టుపక్కల ఇబ్బంది లేదు. పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న దోసెలు తిన్నాము. శాకాహారి అయిన అక్కకు అది చాలా నచ్చింది. చార్మినారు పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, వేడి ఉస్మానియా బిస్కట్లు నిలబడే తీసుకోవాలి, కూర్చునే వీలు తక్కువ. మధ్యాహ్నం చౌమహల్లా ప్యాలెస్ చూశాము. బజారు రద్దీ తరువాత ఆ తోట, ఆ పెద్ద దర్బారు హాలు అక్కకు మంచి విశ్రాంతినిచ్చాయి. శుక్రవారం అదీ, సాలార్‌జంగ్ మ్యూజియమూ రెండూ మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు తప్పించి వెళ్లడం మంచిది. మూడో రోజు వాయనాల సామాను కోసం మూసీ అవతలి బేగంబజారుకు వెళ్లాము. అది టోకు వ్యాపారుల చోటు. పదీ పదిహేను వస్తువులు కావలసినవారికి అక్కడ ఎవరూ తీరికగా చూపించరు, నడవడానికి కూడా చోటు ఉండదు.

కొట్టులో చివరిగా చెప్పిన జాగ్రత్త ఒకటుంది. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి గాజులను ఎండలో నిలిపిన కారులో గానీ, పొయ్యి పక్కన గానీ ఉంచకూడదు, వేడినీళ్లు తగలనివ్వకూడదు. పెద్దాయన ఒక్కొక్క గాజునూ దూదిలో చుట్టి అట్టపెట్టెలో సర్ది ఇచ్చారు. సాయంత్రం నాంపల్లిలో రైలు ఎక్కాక, మిగిలిన సంచులన్నీ బెర్తు కిందికి తోసిన మా అమ్మాయి ఆ పెట్టెను మాత్రం ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.