దెయ్యాల సినిమా పడనివాళ్లకు: ఆనందో బ్రహ్మనా, స్క్రీమా?

హారర్ అంటే నాకు గిట్టదు. కానీ హారర్‌ని బాగా ఎరిగి, దానితోనే ఆడుకునే సినిమాలంటే ప్రాణం. మొదట ఏది చూడాలని ఎవరైనా అడిగితే ఈ రెండిటి గురించే చెబుతాను.

2017లో మహి వి. రాఘవ్ తీసిన 'ఆనందో బ్రహ్మ' కిటుకు ఒక్కటే: ఇక్కడ దెయ్యాలే మనుషులకు భయపడతాయి. ఒక ఇంట్లో దెయ్యాల్లేవని తేల్చడానికి శ్రీనివాస్ రెడ్డి బృందం దిగుతుంది. వెన్నెల కిషోర్ పాత్రకు రేచీకటి. దెయ్యం ఎదురుగా నిలబడినా కనిపించకపోతే ఇంకేం జడుస్తాడు? భయపెట్టాలని అది పడే పాట్లు చూస్తుంటే మనకు దానిమీద జాలి పుడుతుంది. కళ్లు మూసుకోవాల్సిన పని దాదాపు ఉండదు.

1996 నాటి హాలీవుడ్ సినిమా 'స్క్రీమ్'లో దెయ్యాల్లేవు, ముసుగు హంతకుడు ఉన్నాడు. హారర్ సినిమాల్లో బతికి బయటపడాలంటే ఏం చేయకూడదో అందులో ఒక పాత్రే నియమాలు చెబుతుంది. రాత ఎంత తెలివైనదో! కానీ నెత్తురు నిజంగానే పారుతుంది, ముఖ్యంగా మొదటి ఫోన్ కాల్ సన్నివేశంలో. అది గుండె దిటవున్నవాళ్లకే.

ఇంకో మాట. మనవాళ్లతో నిండిన హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాల్లో ఈలలూ కేకలూ సగం భయాన్ని మింగేస్తాయి. కాబట్టి నా ఓటు ముందు ఆనందో బ్రహ్మకే, అదీ ఇంటినిండా జనంతో. స్క్రీమ్ మాత్రం పట్టపగలు, ఇంట్లో, రిమోట్ చేతిలో పెట్టుకుని చూడండి.