లీగల్ ఎయిడ్‌లో భరణం కేసు: పర్లాకిమిడి వైపు మనవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్లు ఆడపిల్లను శ్రీకాకుళం జిల్లాకో విశాఖకో ఇవ్వడం మామూలే. కాపురం చెడి ఆమె కన్నవారింటికి వచ్చేస్తే మూడు చిక్కులు ఎదురవుతాయి. భర్త ఆంధ్రాలో ఉంటాడు, కోర్టు కాగితాలు ఒడియాలో ఉంటాయి, ప్లీడరు ఫీజుకు చేతిలో డబ్బుండదు. వీటికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత న్యాయ సేవ (లీగల్ ఎయిడ్) ఎంతవరకు మందో చెప్పడానికే ఇది రాస్తున్నాం. మా మాట ఇదీ: పిటిషన్ వేయించి మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇచ్చేది) అడిగేవరకు నమ్ముకోదగ్గ సేవ. వసూలు దగ్గర మాత్రం మీరు వెంటపడితేనే పని కదులుతుంది.

జిల్లా కోర్టు ఆవరణలోనే దాని ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. ఉద్యోగం చేసుకునే అమ్మాయి కూడా అడగవచ్చు, ఆదాయ సర్టిఫికెట్ తెమ్మంటే ఈ సెక్షన్ చూపండి. వకీలు, కోర్టు ఫీజు, నోటీసు ఖర్చు, సర్టిఫైడ్ కాపీలు, పత్రాల అనువాదం అన్నీ ఇందులోకే వస్తాయి. అనువాదం మాట మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి. తెలుగు శుభలేఖ, తెలుగులో రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం అలాగే దాఖలు చేస్తే వాయిదా పడుతుంది. మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగువాళ్లకు మరాఠీతో ఇదే తంటా. కేటాయించిన వకీలు డబ్బు అడిగినా, పేషీలకు రాకపోయినా సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టి మార్పించుకోవచ్చు.

కేసు కోసం ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లక్కర్లేదు. 2024 జులై 1 నుంచి భరణానికి సంబంధించిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. భార్య ఉంటున్న జిల్లాలోనే వేయడానికి 145 వీలిస్తుంది. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడే వేయాలి. అతను కావాలని నోటీసు తప్పించుకుంటుంటే ఎక్స్‌పార్టీగా, అంటే అతను లేకుండానే, విచారణ జరపమని అడగండి.

కేసు నిలిచేదీ కూలేదీ ఆస్తి, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) దగ్గరే. 2020 నవంబరు 4న రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ దీన్ని దాఖలు చేయాలంది. ఉద్యోగస్తులకు ఒక నమూనా, వ్యవసాయం మీద బతికేవాళ్లకు మరొకటి ఉన్నాయి. హడావిడిలో మొదటిదే నింపేస్తే అతని పొలం, పాడి, కౌలు సంగతి రాకుండా పోతుంది. భూమి వివరాలకు ఆంధ్రా వైపు రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బి జతచేయండి. జీతం తెలియకపోతే కంపెనీ పేరు, హోదా, బండి నంబరు, బ్యాంకు శాఖ రాస్తే చాలు, యజమాని నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టును అడగవచ్చు. మీ సంపాదన దాచొద్దు. దొరికిపోతే మిగతా మాటలకూ విలువ పోతుంది. జీతంలో నాలుగో వంతు వస్తుందని చాలామంది లెక్కేసుకుంటారు, అది అన్ని కేసులకూ వర్తించే సూత్రం కాదు. అద్దె, పిల్లల ఫీజు, మందుల ఖర్చు రశీదులతో చూపినవాళ్ల మాటే నిలబడుతుంది.

మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆంధ్రా చిరునామాకు నోటీసు చేరడమే ఆలస్యం కాబట్టి ఇంటిదీ పని చేసే చోటుదీ రెండు చిరునామాలూ ఇవ్వండి. భరణం మామూలుగా దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు. రాజీ కుదురుతుందేమోనని ఏడాది ఆగితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

విడాకులైతే హక్కు పోతుందనుకోవడం తప్పు. మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు విడాకులు పొందినామె 144 కింద అడగవచ్చు. ముస్లిం స్త్రీలకూ ఈ దారి ఉందని 2024 జులై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హిందూ వివాహ చట్టంలో కేసు నడుస్తుండగా 24, డిక్రీ వేళ లేదా ఆ తర్వాత 25 సెక్షన్లు ఉన్నాయి. వీటి కింద భర్త కూడా అడగవచ్చు.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో మాత్రం జాగ్రత్త. అక్కడి అవార్డుపై (తీర్పుపై) అప్పీలు లేదు. 'ఇకపై ఏ భరణమూ అడగను' అన్న వాక్యం కింద డబ్బు చేతికి రాకముందే సంతకం పెట్టొద్దు. పరస్పర అంగీకార విడాకుల్లో కోర్టు ముందు మొదటిసారి అంగీకారం చెప్పే మొదటి మోషన్‌కు కొంత, దాన్ని ఖాయం చేసే రెండో మోషన్ రోజు జడ్జి ఎదుట డీడీగా మిగతాది అని రాయించండి. పిల్లల భరణం తల్లి వదులుకునేది కాదు, దాన్ని వేరే పేరాలో పెట్టించండి.

ఇక వసూలు. ఆర్డరు రాగానే పని అయిపోయిందని ఫైలు కట్టేసే వకీళ్లున్నారు. బాకీపడ్డ మొత్తానికి అది చెల్లించాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి, లేకపోతే దానికి వసూలు వారంటు రాదు. మూడు నాలుగు నెలలకోసారి వేస్తుండండి. వారంటు తర్వాతా కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయవచ్చు. వారంటు అమలు ఆంధ్రా పోలీసుల మీద ఆధారపడుతుంది, కాబట్టి ఏ స్టేషన్‌కు ఎప్పుడు పంపారో నంబరుతో సహా రాసుకోండి. జీతగాడైతే గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద యజమానే నేరుగా మీకు కట్టేలా ఆర్డరు కోరవచ్చు. చేతికిచ్చానన్న గొడవ లేకుండా, మీ బ్యాంకు ఖాతా నంబరు ఆర్డరులోనే రాయించుకోండి.