ప్లికర్స్ కార్డులు: పిల్లల చేతిలో ఫోన్ లేని క్లాసుకి ఏ మేరకు పనికొస్తాయి

"అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒకే రాగంలో "అయింది టీచర్" అంటుంది. అందులో నిజంగా అర్థమైన గొంతులెన్నో ఎవరికీ తేలదు. స్లిప్ టెస్ట్ పెట్టి, పేపర్లు దిద్ది చూసేసరికి పాఠం ఇంకో అధ్యాయంలోకి వెళ్లిపోయి ఉంటుంది. ప్లికర్స్ అనే క్విజ్ యాప్ పనికొచ్చేది ఈ రెంటికీ మధ్యనే. ప్రతి పిల్లవాడి చేతిలో నలుపు తెలుపు బొమ్మ ఉన్న ఒక కాగితం కార్డు ఉంటుంది. చూడటానికి క్యూఆర్ కోడ్‌లా ఉంటుంది గానీ అది వేరు. కార్డు నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి ఉంటాయి. జవాబు 'సి' అనుకున్నవాడు సి పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. టీచర్ ఫోన్ కెమెరాతో క్లాసుని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి చూపిస్తే ఎవరు ఏం పెట్టారో తెర మీదకి వచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో సర్కారు బడి అయినా, గల్లీలో మూడంతస్తుల ప్రైవేటు బడి అయినా, పిల్లలందరికీ ట్యాబులన్నది ఇప్పట్లో జరిగే పని కాదు. టీచర్ దగ్గర మాత్రం ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. ప్లికర్స్‌కి అది చాలు. ప్రొజెక్టర్ ఉంటే మంచిదే, లేకపోతే ప్రశ్నని నల్లబల్ల మీద రాసేయొచ్చు. కార్డుల పీడీఎఫ్ ఉచితం, ఖాతా కూడా ఉచితంగా తెరవొచ్చు. అయితే ఉచిత ఖాతాలో ఒక ప్రశ్నల సెట్‌కి 5 ప్రశ్నలే. ఇదేమంత లోటు కాదు, ఒక పీరియడ్‌లో అంతకంటే ఎక్కువ అడిగితే పాఠం చెప్పడానికి టైమే మిగలదు.

సగం కష్టాలు ప్రింటింగ్ దగ్గరే మొదలవుతాయి. మామూలు సెట్‌లో 40 కార్డులుంటాయి, పేజీకి రెండు చొప్పున 20 ఎ4 కాగితాలు. క్లాసులో 40 దాటితే 63 కార్డుల సెట్ దించుకోవాలి. కోఠీలోనో అమీర్‌పేటలోనో ఏ జిరాక్స్ షాపుకి వెళ్లినా ముందు "లామినేషన్ చేయమంటారా?" అని అడుగుతారు. వద్దనండి. మెరిసే లామినేషన్ మీద ట్యూబులైటు పడితే నల్లటి భాగం కెమెరాకి తెల్లగా కనిపిస్తుంది, కార్డు చదవదు. మెరుపు లేని మ్యాట్ లామినేషన్ దొరికితే సరే. లేదంటే 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉన్న మందపాటి కాగితం మీద నేరుగా ప్రింట్ తీయించండి. మామూలు 70, 80 జీఎస్ఎం కాగితం ఫ్యాను గాలికి రెపరెపలాడుతుంది, బొమ్మ వంగిపోతే కెమెరాకి పట్టదు. అట్ట మీద అతికిద్దామనుకుంటే బంక తడికి ముడతలు పడతాయి, గ్లూ స్టిక్ అయితే నయం. కత్తిరించేటప్పుడు బొమ్మ చుట్టూ తెల్ల అంచు వదలాలి. నల్ల గీత దాకా కోసేస్తే, వెనక ముదురు రంగు యూనిఫాం ఉన్నప్పుడు బొమ్మ ఎక్కడ ముగిసిందో యాప్‌కి తెలియదు.

కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే పెట్టుకోండి. ఒకే సెట్‌ని అన్ని సెక్షన్లకీ వాడొచ్చు, ఎందుకంటే 7వ నంబరు కార్డు ఎవరిదన్నది క్లాసుని బట్టి మారుతుంది. పిల్లలకి నేర్పాల్సింది రెండే: కార్డు అంచుని రెండు చేతులతో పట్టుకోవడం, వేళ్లు నలుపు మీదకి రాకుండా చూసుకోవడం. మొదటి రోజు సగం క్లాసు బొటనవేలు బొమ్మ మీదే ఉంటుంది. కొందరు టీచర్లు పిల్లల సౌకర్యం కోసం కార్డు వెనక కూడా పెద్దగా ఎ, బి, సి, డి రాయిస్తారు. అలా రాస్తే వెనక బెంచీకి ముందు బెంచీ జవాబు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. ముందువైపు అక్షరాలు చిన్నగా ఉన్నదీ, కార్డుకో బొమ్మ ఉన్నదీ కాపీ కొట్టకుండా ఉండటానికే.

వెలుతురు సంగతి కూడా చూసుకోవాలి. పిల్లల వెనక కిటికీలుంటే కెమెరాకి వెలుగంతా కిటికీదే, కార్డులు నల్ల ముద్దల్లా కనిపిస్తాయి. అలాంటి గదిలో ముందు నిలబడి తంటాలు పడేకంటే పక్కనుంచి నడుచుకుంటూ రావడం మేలు. వెనక బెంచీలకీ అంతే, రెండడుగులు వేస్తే పోయేదానికి జూమ్ ఎందుకు? ఫోన్‌కి నెట్ కావాలి. సిగ్నల్ అందని గ్రౌండ్ ఫ్లోర్ గదులున్న బడి అయితే ముందే ఒకసారి పరీక్షించి చూసుకోండి.

తెలుగులో ప్రశ్నలు పెట్టేవాళ్లకి ఇంకో చిక్కు. బడి ప్రశ్నపత్రాలు చాలావరకు అనూ ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. అవి ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూనికోడ్ కావు, కాపీ చేసి ఇక్కడ అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వస్తుంది. ఫోన్ తెలుగు కీబోర్డుతో కొత్తగా టైపు చేయడం ఒక దారి. లేదంటే ప్రశ్నని ఫొటో తీసి బొమ్మగా పెట్టేయొచ్చు. సరైన జవాబు ఏదో గుర్తు పెట్టడం మరిచిపోవద్దు. మరిచిపోతే యాప్ దాన్ని సర్వే ప్రశ్న కింద తీసుకుంటుంది, తప్పొప్పులు చూపించదు.

ఇంత చేశాక ప్రశ్నే బాగోలేకపోతే కార్డులన్నీ దండగ. దశాంశాల పాఠంలో మామూలుగా అడిగే ప్రశ్న చూడండి: "అన్నిటికంటే పెద్దది ఏది?" ఎ) 0.5, బి) 0.375, సి) 0.45, డి) 0.25. జవాబు 0.5. తెర నిండా పచ్చ రంగు (సరైన జవాబుల గుర్తు) వస్తే సంతోషించేస్తాం. కానీ "అంకెలు ఎన్ని తక్కువుంటే అంత పెద్ద సంఖ్య" అని తప్పుగా అనుకునే పిల్లవాడు కూడా 0.5నే ఎంచుకుంటాడు. వాడి తప్పు పచ్చ రంగు కింద దాగిపోయింది.

అంకెలు మార్చి అడగండి: ఎ) 0.4, బి) 0.375, సి) 0.62, డి) 0.3. ఇప్పుడు ప్రతి తప్పు జవాబుకీ ఒక కారణం ఉంది. 0.375 పెట్టినవాడు పాయింట్ తర్వాత భాగాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నాడు, 375 ఎక్కువ కదా అని. "పాయింట్ మూడు వందల డెబ్బై ఐదు" అని మనం నోటితో చదివే అలవాటు దీన్ని ఇంకా పెంచుతుంది, "పాయింట్ మూడు ఏడు ఐదు" అనాలి. 0.4 పెట్టినవాడికి పొట్టి సంఖ్యే పెద్దది. 0.3 పెట్టినవాడు దాన్ని మూడో వంతు అనీ, 0.4ని నాలుగో వంతు అనీ అనుకుంటున్నాడు. ఈ మూడు రకాల పొరపాట్లూ దశాంశాల మీద జరిగిన పరిశోధనల్లో బాగా నమోదైనవే. మన పిల్లలకి క్రికెట్ ఓవర్ల పాయింట్ అదనం. 4.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి వేస్తే 5 ఓవర్లు అయిపోతాయి, అక్కడ పాయింట్ అంటే పదో వంతు కాదు మరి.

స్కాన్ అయ్యాక ఏం చేయాలి? హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పిన ఎరిక్ మజూర్ పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. సరైన జవాబు 30 శాతం లోపే వస్తే మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకెళ్లాలి, మధ్యలో ఉంటే పిల్లల్నే పక్కవాళ్లతో వాదించుకోమని ఇంకోసారి ఓటు వేయించాలి. 40 మందిలో 22 మంది 0.62, 11 మంది 0.375, ఐదుగురు 0.4, ఇద్దరు 0.3 పెట్టారనుకోండి. 55 శాతం, అంటే వాదనకి సరైన సమయం. అయితే రెండో ఓటుకి ముందు గ్రాఫ్‌ని ప్రొజెక్టర్ మీద చూపించకండి. చూపిస్తే పెద్ద గీత ఎటుంటే క్లాసంతా అటు ఒరుగుతుంది. అప్పటికీ 0.375 దగ్గరే ఆగినవాళ్లకి చివర సున్నాలు చేర్చి 620, 375 పోల్చమనడం అడ్డదారి. జవాబు వస్తుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద 10 x 10 గడి గీయించి 62 గళ్లకి ఒకసారి, 37న్నర గళ్లకి ఒకసారి రంగు వేయించండి.

ఈ మార్కుల్ని ఫార్మేటివ్ అసెస్‌మెంట్ రిజిస్టర్‌లో ఎక్కించాలని హెచ్‌ఎం అడిగితే ఒప్పుకోవద్దు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ఐదు ఉంటే, ఏమీ చదవకుండా గుడ్డిగా కార్డు తిప్పినా కనీసం 2 మార్కులు వచ్చే అవకాశం దాదాపు 37 శాతం. ఎవరికీ ఏమీ రాని 40 మంది క్లాసులో కూడా ఒక ప్రశ్నకి సగటున 10 సరైన జవాబులు వాటంతట అవే వస్తాయి. కాబట్టి 40లో 13 సరైనవి వచ్చాయంటే అది దాదాపు మూడో వంతు క్లాసుకి వచ్చినట్టు కాదు, దాదాపు ఎవరికీ రానట్టు. మార్కులు వేస్తారని తెలిస్తే పిల్లలు కూడా తమకి తోచింది పెట్టడం మానేసి పక్కవాడి కార్డు చూస్తారు.

రిపోర్టులు వెబ్‌సైట్‌లో ఉంటాయి, ప్రశ్నలవారీగా ఎవరేం పెట్టారో చూడొచ్చు. ఏ ప్రశ్న పనికిరానిదో తెలుసుకోవడానికే అవి ఎక్కువ ఉపయోగం. నాలుగైదు సెట్లు కలిపి ఓ 20 ప్రశ్నలయ్యాక మార్కుల వరుసలో పై 27 శాతం, కింది 27 శాతం తీసుకోండి, 40 మందికి 11, 11. పైవాళ్లలో 10 మంది, కిందివాళ్లలో నలుగురు సరిగ్గా పెట్టారంటే తేడా 6 బై 11, సుమారు 0.55. మంచి ప్రశ్న. తేడా సున్నా దగ్గరుంటే ప్రశ్నలోనో, గుర్తు పెట్టిన జవాబులోనో లోపముందేమో చూడాలి. కిందివాళ్లే ఎక్కువ పెడితే మీరు గుర్తు పెట్టిన జవాబే తప్పయ్యే అవకాశం ఎక్కువ. ఈ లెక్క మీరే వేసుకోవాలి.

కహూట్ అనే ఇంకో క్విజ్ యాప్‌లో ఆట ఎక్కువ, సాధారణంగా పిల్లలకి తలా ఒక పరికరం కావాలి. మామూలుగా వేగానికి కూడా పాయింట్లుంటాయి కాబట్టి నిదానంగా ఆలోచించేవాడు కింద ఉంటాడు. గూగుల్ ఫారమ్స్ ఇంటిపనికి బాగుంటుంది. ప్లికర్స్‌లో లెక్క చేసిన మెట్లు కనిపించవు, వాక్యం రాయించలేం, కాబట్టి నోటుపుస్తకం దిద్దే పని తప్పదు.

క్లాసు జాబితాలో పూర్తి పేర్లు ఎక్కించనక్కర్లేదు, రోల్ నంబర్లు చాలు. కార్డులు పిల్లలకి ఇంటికి ఇవ్వకండి. పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి టీచర్ బల్ల సొరుగులో ఉంచితే పంచడానికి నిమిషం పడుతుంది. 17వ కార్డు పోతే మొత్తం సెట్ మళ్లీ తీయించొద్దు, 17, 18 ఉన్న పేజీ ఒక్కటే తీయిస్తే సరిపోతుంది.