కదిలే సెన్సర్లకు ఫాగ్ గేట్‌వే సేవ: పెట్టె మంచిదే, లెక్కే తప్పింది

నగర బస్సుల పైకప్పులకు అమర్చిన గాలి నాణ్యత సెన్సర్ల కోసం మేము ఒక ఫాగ్ కంప్యూటింగ్ సేవను తీసుకుని, సెన్సర్ల డేటాను అందుకునే దాని గేట్‌వే పెట్టెలను కూడళ్ల స్తంభాలకు బిగించి కొన్ని నెలలు వాడాము. మేఘం నేలకు దిగితే పొగమంచు అవుతుందన్న పోలికతో 2012 నాటికి సిస్కో పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, డేటాను దూరంలోని క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అందే సర్వర్లకు, చేర్చకముందే దగ్గరి పెట్టెలోనే వడపోస్తారు.

ఆ వడపోతలో లోపం లేదు. సెకనుకొకటి చొప్పున వచ్చే 60 రీడింగులను పెట్టె నిమిషానికి ఒక సగటుగా కుదించి పంపుతుంది. ఇంటర్నెట్ తెగిపోయినా వాటిని అసలు సమయంతోనే దాచి, లైను వచ్చాక అప్పగిస్తుంది.

చిక్కంతా బస్సు కదలడంతో వచ్చింది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. వైఫై పరిధి అటూ ఇటూ కలిపి 200 మీటర్లనుకుంటే బస్సు ఒక పెట్టె అందుబాటులో ఉండేది 20 సెకన్లే, అందులోనే కనెక్షను, ధ్రువీకరణ కూడా పూర్తి కావాలి. రసీదు అందకముందే పరిధి దాటిన సెన్సర్ అదే రీడింగును తరువాతి పెట్టెకు మళ్లీ పంపుతుంది. సెన్సర్లు సందేశాలు పంపడానికి వాడే ఎంక్యూటీటీ ప్రోటోకాల్‌లో, రసీదు అందకపోతే మళ్లీ పంపే ‘కనీసం ఒకసారి’ అనే స్థాయిని ఎంచుకున్నప్పుడు ఇది ఊహించదగినదే కాబట్టి, నకళ్లను వరుస సంఖ్య చూసి ఏరివేయగలిగాము.

అంతకంటే లోతైన తప్పు సగటులో దొరికింది. ఒకే నిమిషంలో ఒక పెట్టెకు 15 రీడింగులు, మరోదానికి 5 అందితే, క్లౌడ్ ఆ రెండు సగటులనూ సమానంగా కలిపి రెండుతో భాగించేది. దానితో ఆ 5 రీడింగుల్లో ఒక్కోదానికి, మిగతా 15లో ఒక్కోదానికంటే మూడు రెట్ల బరువు దక్కి, పొగ కక్కే లారీ పక్కన క్షణకాలం ఆగిన బస్సు కూడా వీధంతటినీ కలుషితంగా చూపించేది. సగటుకు బదులు మొత్తాన్నీ, రీడింగుల సంఖ్యనూ పంపితే చాలు. ఇంత చిన్న దిద్దుబాటుకు సేవాదారు సహాయక బృందం మమ్మల్ని పలుమార్లు అడిగించుకుని, చివరికి దానిని ఒక ఐచ్ఛిక అమరికగా ఇచ్చింది. అది మొదటి నుంచే ఉండవలసిందని నా అభిప్రాయం.

స్తంభాలకే బిగించిన స్థిర సెన్సర్లకైతే ఈ సేవను సంకోచం లేకుండా తీసుకోవచ్చు. వాహనాలకైతే ఆ అమరికను తెరిపించి, ఒకే బస్సును రెండు పెట్టెల మధ్య తిప్పి లెక్కలు సరిచూసుకున్న తరువాతే ఒప్పందం మీద సంతకం చేయాలి.